ముందుగదికి వచ్చినవాళ్ళు

శనివారం పొద్దున్నే ఫిలోమెనా గ్యారేజీలో కాఫీ పెట్టుకుంది. ఆ ఇంటి కారు ఏనాడూ గ్యారేజీ మొహం చూడలేదు, బతుకంతా వీధిలోనే గడిపింది. గ్యారేజీలో పాత గ్యాసు పొయ్యి, సిమెంటు తొట్టి, పొడుగాటి బల్ల, గోడకి ఎండుమిరపకాయల దండలు ఉండేవి. వండుకున్నా, తిన్నా, పోట్లాడుకున్నా అక్కడే.

అలాగని ఇంట్లో వంటగది లేదా అంటే, ఉంది మహాప్రభో! పాలరాతి గట్టు, తేనెరంగు చెక్క బీరువాలు, అద్దంలా మెరిసే పొయ్యి. దానిమీద ఇన్నేళ్ళలో ఒక్క ఉల్లిపాయ వేగిన పాపాన పోలేదు. దాని పక్కనే ముందుగది. అందులో ముదురెరుపు మఖమలు సోఫా, బంగారు అంచు కప్పులున్న గాజు బీరువా. అవి ఇంటికి వచ్చేవాళ్ళ కోసం. ఇటలీ నుంచి మెల్‌బోర్న్ వచ్చి గూడు కట్టుకున్న వాళ్ళందరి ఇళ్ళూ ఆ రోజుల్లో అంతే. మంచివి అతిథులకి, మిగిలినవి మనకి.

ఒక్కటే తేడా. మిగతావాళ్ళు తమవాళ్ళ మధ్య ఇల్లు కొనుక్కున్నారు. ఫిలోమెనా మొగుడు అత్తీలియో మాత్రం కెల్‌బర్న్ పేటలో ఒక డాక్టరుగారి వాకిలికి కాంక్రీటు పోస్తూ, ఆ వీధి చెట్లకీ ఆ ఇళ్ళ ఎర్ర ఇటుకకీ మనసు పారేసుకున్నాడు. "ఉంటే ఇక్కడే ఉండాలే" అన్నాడు. ఉన్నదంతా ఊడ్చి పెట్టి, అప్పులు చేసి కొన్నాడు. పెద్దపెద్ద వాళ్ళ మధ్య ఇల్లు కొన్నాం, వాళ్ళు చూడటానికి వస్తారు కదా అని ఫిలోమెనా సోఫా కొనిపించింది. దానిమీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ తొడిగించింది. ఎదురుచూసింది.

ఎవరూ రాలేదు. అత్తీలియో పోయి కూడా ఎనిమిదేళ్ళయింది.

"అమ్మా! ఇంకా తయారవలేదా?" కూతురు రోసాన్నా తాళాలగుత్తి ఆడిస్తూ గ్యారేజీలోకి వచ్చింది. "పదకొండింటికి జనం ఇల్లు చూడటానికి వస్తారు. అప్పటికి మనం ఇక్కడ ఉండకూడదని ఏజెంటు బ్రాడీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు."

"నా ఇంట్లో నేనుండకూడదా? భలే చోద్యం."

"ఇంటివాళ్ళుంటే కొనేవాళ్ళకి మొహమాటంగా ఉంటుందమ్మా. లోకమంతా ఇంతే చేస్తుంది." బల్లమీది బేసిన్ చూసి ఆగిపోయింది. "ఈ పిండి ఎందుకు కలిపావ్?"

"చేతులు ఊరుకోక."

రోసాన్నా నిట్టూర్చింది. పోయిన చలికాలం మెట్లమీద జారిపడి తల్లి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి రోసాన్నాకి రాత్రి ఫోన్ మోగితే గుండె జారుతోంది. తన ఇంటి పక్కనే, ట్రాము దిగితే ఎదురుగా, మెట్లు లేని చిన్న ఇల్లు చూసి పెట్టింది. తల్లి సరేనంది. తీరా అమ్మకానికి బోర్డు పెట్టబోతే ఒకసారి నడుంనొప్పి అంది, ఇంకోసారి నిమ్మచెట్టు పూతమీదుంది అంది. ఇది మూడోసారి. ఈసారి కూడా కాదంటే ఏజెంటు దణ్ణం పెట్టి పోతాడు, ఆ చిన్న ఇల్లు ఇంకొకరి పాలవుతుంది.

అంతలో బ్రాడీ రానే వచ్చాడు. మొనదేలిన బూట్లు, సెంటు ఘుమఘుమ. కుర్రాడు చెడ్డవాడు కాదు, కాకపోతే ఊపిరి పీల్చకుండా మాట్లాడతాడు.

"మిసెస్ ఫిలోమెనా, కెల్‌బర్న్ అంటే మాటలా! పదింట తొమ్మిదిళ్ళు సొంతవి. డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు. స్కూలు కోసం అయితే జనం ప్రాణమిస్తారు. ఒకసారి దిగినవాళ్ళు పాతికేళ్ళదాకా కదలరు. ఇంట్లో ఇటాలియన్ మాట్లాడేవాళ్ళు మాత్రం వందకి ఒక్కరో అరో."

"ఆ అర నేనే అయ్యుంటాను" అంది ఫిలోమెనా.

బ్రాడీ పగలబడి నవ్వాడు. అక్కడ ఇళ్ళు వేలంలోనే అమ్ముతారు; ఆపైన ఈ ఇల్లు ఎంత పలుకుతుందో చెప్పాడు. నలభై లక్షల డాలర్లు దాటొచ్చట! మొగుడు మోకాళ్ళమీద కూచుని ఊరందరి వాకిళ్ళూ పోసి సంపాదించిన ఇల్లు అది. బతికుంటే ఆ మాట విని ఆయన కుర్చీలోంచి కిందపడేవాడు.

"ఒక్కటి చూపిస్తా రండి" అని ఆమెని ముందుగది గుమ్మందాకా తీసుకెళ్ళాడు బ్రాడీ. "మీ సామాను తీసేసి అద్దె సామాను పెడదాం అనుకున్నా. ఇది చూశాక మనసొప్పలేదు. ప్లాస్టిక్ తీయించానంతే."

ఫిలోమెనా గుమ్మం పట్టుకుంది. కిటికీలోంచి ఎండ పడి సోఫా దానిమ్మగింజల రంగులో వెలిగిపోతోంది. కొట్లో చూసిన రోజు ఇదే రంగు. ఇన్నేళ్ళు తను తుడిచింది ప్లాస్టిక్‌నని, దీన్ని మళ్ళీ కంటితో చూడనేలేదని అప్పుడు తట్టింది. ఒక్క గీత లేదు, ఒక్క మరక లేదు.

"రోజీ," అంది మెల్లగా, "ఇవాళ వద్దే."

రోసాన్నా మొహం ఎర్రబడింది. "మళ్ళీ మొదలెట్టావా! అసలు నీ బాధేంటో చెప్పమ్మా. ఈసారైనా నిజం చెప్పు."

"ఈ గదిలో ఒక్కళ్ళూ కూచోలేదే. కనీసం ఒక్కళ్ళు, ఒక్కసారి కూచుని ఓ కప్పు కాఫీ తాగితే, మర్నాడే తాళాలు ఇచ్చేస్తా. ఎవరూ కూచోని ఇల్లు అమ్మాలంటే నాకు ఊపిరాడట్లేదు."

"ఎవరొస్తారమ్మా?" రోసాన్నా గొంతు పెరిగింది. "ఈ వీధికి మనం ఏనాడైనా అక్కరకొచ్చామా? వాళ్ళ కోసం నలభై ఏళ్ళు తుడిచావ్. మమ్మల్ని గ్యారేజీలో పెంచావ్! ఏడేళ్ళప్పుడు నేను ఆ సోఫా ఎక్కితే వీపు చిట్లగొట్టావు, గుర్తుందా? రానివాళ్ళకి పరుపులు, ఉన్నవాళ్ళకి బెంచీలు!"

బ్రాడీ తన బూట్ల మొనలు చూసుకుంటూ బయటికి జారుకున్నాడు. కూతురు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఫిలోమెనా బుద్ధిగా కోటు తొడుక్కుని వెళ్ళి కార్లో కూచుంది.

రోసాన్నా వీధి చివర చెట్టుకింద కారు ఆపి, తల్లివైపు చూడకుండా చేతిరుమాలు నలుపుతూ కూచుంది. ఫిలోమెనా అద్దంలోంచి ఇంటివైపు చూసింది. చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

గేటు దగ్గర మొదలైన వరస వీధి మలుపుదాకా ఉంది! పిల్లల్ని భుజాన వేసుకున్న జంటలు, కుక్కల్ని పట్టుకున్నవాళ్ళు, టోపీలు పెట్టుకున్న ముసలమ్మలు. అందరూ ఆ ఇంటివైపే మెడలు చాచి నిలబడ్డారు. అందరూ లోపలికి పోవడానికే!

"వీళ్ళంతా కొంటారా?" అంది ఫిలోమెనా.

"కొనేవాళ్ళు నలుగురుంటారు. మిగతావాళ్ళు మన వీధివాళ్ళేలే. పక్కింటివాళ్ళ లోపల ఎలా ఉందో చూసి పోతారు, ఎక్కడైనా అంతేగా."

మన వీధివాళ్ళు. అవును, మూలింటి పళ్ళ డాక్టరు, కవలపిల్లల తల్లి. అదిగో, ఎదురింటి మిసెస్ ట్రెలోర్! తొంభైకి దగ్గరపడినా నీలం టోపీ, చేతి గ్లౌజులు మానలేదు. వీధిలో ఎదురైతే తల పంకించి "వాతావరణం బాగుంది" అనడం తప్ప ఇన్నేళ్ళలో ఇంకో మాట లేదు. ఆవిడ కర్ర ఊతంగా పెట్టుకుని వరసలో నిలబడింది, అచ్చం పండగపూట చర్చిలోకి పోయే మనిషిలాగా.

ఫిలోమెనా సీటు బెల్టు విప్పేసుకుంది. "వచ్చారే!" అంది. "రోజీ, వచ్చారే!" తలుపు తీసుకుని దిగేసింది.

"అమ్మా! ఎక్కడికీ? తుంటి! నీ తుంటి!"

వినిపించుకుంటేగా. వెనక సందులోంచి గ్యారేజీలోకి దూరింది. పొయ్యి వెలిగించింది. సోంపు వేసిన పిండిని గరిటెతో తీసి, పెళ్ళికి పుట్టింటివారిచ్చిన ఇనుప అచ్చులో పోసి నొక్కింది. అచ్చు తీస్తే పువ్వు ముద్రతో కాగితమంత పలచటి బిస్కెట్లు, పిత్సెల్లెలు. పెద్ద కాఫీపాత్ర రెండో పొయ్యిమీద గుడగుడలాడింది. గ్యారేజీలోంచి సోంపు వాసన గుప్పున లేచి, ఇల్లంతా పాకింది.

లోపల జనం చప్పుడు లేకుండా తిరుగుతున్నారు. పొడుగ్గా ఉన్న ఒకమ్మాయి పాలరాతి గట్టు తడిమి, "ఇంత పాత వంటగది ఇంత కొత్తగా ఎలా ఉంది!" అని మొగుడి చెయ్యి పట్టుకుంది. ముందుగది గుమ్మం దగ్గర పదిమంది గుమిగూడి, సోఫాని చూస్తూ గుసగుసగా మాట్లాడుతున్నారు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు కూచోరు. అది మర్యాద.

పళ్ళెంతో ఫిలోమెనా వాళ్ళ మధ్యకి వచ్చింది. ఏప్రాన్ నిండా పిండి. గాజు బీరువాలోంచి పళ్ళెంలోకి చేరుతూ బంగారు అంచు కప్పులు గలగలమన్నాయి.

"కూచోండి" అంది. "ఈ ఇల్లు నాదే. కూచోండి."

బ్రాడీ మొహం పాలిపోయింది. ఎవరూ కదల్లేదు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. అయిపోయింది, ఇవాళ కూడా కూచోరు, అనుకుంది ఫిలోమెనా.

అప్పుడు కర్ర టకటకలాడించుకుంటూ మిసెస్ ట్రెలోర్ ముందుకొచ్చింది. "నన్ను కూచోమంటున్నారా?" అని అడిగింది. ఆవిడ గొంతు ఇంత సన్నగా ఉంటుందని ఫిలోమెనాకి తెలియదు.

"మిమ్మల్నేనండీ."

మిసెస్ ట్రెలోర్ గ్లౌజులు ఊడదీసి, మఖమలు మీద అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా కూచుంది. "నా పేరు లోర్నా. ఈ సోఫా లారీలోంచి దింపిన రోజు నేను మా కిటికీలోంచి చూశాను" అంది. "ఎంత బాగుందో, ఒకరోజు నన్ను పిలుస్తారు కదా, అప్పుడు దగ్గర్నుంచి చూస్తాను అనుకున్నాను."

ఫిలోమెనాకి అర్థం కాలేదు. "పిలవడమేంటి? నా తలుపు ఎప్పుడూ తీసే ఉండేది కదా! మా ఊళ్ళో తలుపు తీసుంటే వచ్చేయడమే. ఇరుగుపొరుగుని పిలిస్తే తప్పు. పరాయివాళ్ళని చేసినట్టు."

"మా వాళ్ళు పిలవకుండా ఒకరి గడప తొక్కరమ్మా. తొక్కితే మర్యాద తప్పినట్టు." ఆవిడ కళ్ళెత్తి చూసింది. "తలుపు తీసి ఉండటం రోజూ చూసేదాన్ని. పిలుస్తారని చూశాను. మా ఆయన పోయినప్పుడైనా పిలుస్తారనుకున్నాను."

"మీరు వస్తారని నేను చూశానండీ" అంది ఫిలోమెనా. ఇరవై అడుగుల వీధి. ఆ వైపు ఒకరు, ఈ వైపు ఒకరు, జీవితమంతా! ఎంత పని జరిగిపోయింది!

కప్పు అందుకుంటుంటే మిసెస్ ట్రెలోర్ చెయ్యి వణికి, కాఫీ తొణికి మఖమలు మీద పడింది. తల్లి కోసం వీధంతా వెతికి అప్పుడే పరుగున వచ్చిన రోసాన్నా గుమ్మంలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఫిలోమెనా ఆ మరకని చూసింది. అరచేయంత ఉంది. ఆమె నవ్వింది. నవ్వుతూంటేనే కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"పోన్లెండి" అంది. "కూచునే సోఫా అన్నాక పడదూ! ఏం బాబూ డాక్టరూ, నిలబడ్డావేం?"

డాక్టరు కూచున్నాడు. పొడుగమ్మాయి కూచుంది. కవలపిల్లలు తివాచీమీద చతికిలబడి పిత్సెల్లెలు కరకరలాడించారు. బ్రాడీ గడియారం చూసుకుని, చుట్టూ చూసి, తనూ ఒకటి నోట్లో వేసుకున్నాడు. తాళాలగుత్తి పట్టుకుని గుమ్మంలోనే ఉన్న కూతురి దగ్గరికి ఫిలోమెనా వెళ్ళింది. చెయ్యి పట్టి తీసుకొచ్చి, మరక పక్కన ఖాళీ చూపించింది.

"నువ్వూ కూచో తల్లీ. ముందు నిన్నే కూచోబెట్టాల్సింది. నాకు ఆ బుద్ధి లేకపోయింది."

రోసాన్నా కూచుంది. యాభై ఏళ్ళ మనిషి, ఏడేళ్ళ పిల్లలా అంచుమీద కూచుని, కాసేపటికి వెనక్కి వాలి, వెక్కివెక్కి ఏడ్చింది. "వద్దమ్మా" అంది తల్లి చెయ్యి పట్టుకుని. "ఇల్లు అమ్మొద్దులే. నేనే వచ్చి ఇక్కడ పడుకుంటా."

"పిచ్చిదానా, వచ్చారుగా. ఇంక నాకేం కావాలి? ఆ అబ్బాయితో వేలం తేదీ చెప్పు."

అరగంట చూపించాల్సిన ఇల్లు ఆ రోజు ఒంటిగంట దాటినా ఖాళీ కాలేదు. చివరికి అంతా వెళ్ళిపోయాక, తల్లీకూతుళ్ళు కప్పులు మంచి వంటగదిలోకి తెచ్చుకుని, మొట్టమొదటిసారి అక్కడి కుళాయి తిప్పారు. నీళ్ళు కాసేపు తుప్పురంగులో వచ్చి, తర్వాత తేటబడ్డాయి. ఇద్దరూ నవ్వుకున్నారు.

వీధితలుపు చప్పుడైంది. గంట మోగలేదు, ఎవరూ తట్టలేదు. తలుపు తోసుకుని, కర్ర టకటకలాడిస్తూ, ఎవరో నడవలోంచి నేరుగా వస్తున్నారు. వంటగది గుమ్మంలో నీలం టోపీ కనిపించింది. మిసెస్ ట్రెలోర్ ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గుడ్డ కప్పిన కేకు పళ్ళెం పట్టుకుని ఆయాసపడుతోంది. ఆవిడ బుగ్గలు సిగ్గుతో ఎర్రబడ్డాయి.

"మీరు పిలవలేదు" అంది. "అయినా వచ్చేశాను."

ఫిలోమెనా తడిచేతులు ఏప్రాన్‌కి తుడుచుకుని కుర్చీ జరిపింది.

"కూచో లోర్నా" అంది. "కాఫీ పెడతాను."