ఉరుము మనిషి నడిపేజీలు

"పదహారు, పదిహేడు పేజీలు చూడు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తొమ్మిది బల్ల మీదున్న ప్రూఫు అందుకున్నాడు. కొత్తగా రాబోతున్న సూపర్‌హీరో కామిక్, 'ఉరుము మనిషి', మొదటి సంచిక. వీరుడు గొంతెత్తి అరిచాడంటే గోడలు కూలిపోతాయి. నడిపేజీల్లో ఆ వీరుడు శత్రువుల ఆఫీసులో దూరి, రహస్య పత్రాల ఫిల్మును శత్రు నాయకుడు నీళ్ళు తాగే ఫ్లాస్కులోనే దాచి, వాళ్ళ సెక్యూరిటీ చేతే సెల్యూట్ కొట్టించుకుని బయటికి తెస్తున్నాడు. ఫ్లాస్కు అడుగు ఎటు తిప్పాలో, గాజుబుడ్డి కింద ఫిల్ము ఎలా కూర్చుంటుందో బాణం గుర్తులతో సహా వేసి ఉంది. ఆఖరికి మూత మీద సొట్ట కూడా ఉంది.

ఆ సొట్టని తొమ్మిది వెంటనే గుర్తుపట్టాడు.

"మన చిలక వాడే పద్ధతి ఇది," అన్నాడు చీఫ్.

చిలక అంటే వాళ్ళ డబుల్ ఏజెంట్. చూస్తే కళ్ళు తిప్పుకోలేని మనిషి. విదేశీ ట్రేడ్ కమిషనర్ దగ్గర దుబాసీ. ట్రేడ్ అన్నది బోర్డు మీది మాట. ఆ కమిషనర్ నడిపేది గూఢచారుల ముఠా. చిలక తమ మనిషేనని వాళ్ళ నమ్మకం.

"ఇవాళ కూడా ఫ్లాస్కులో ఫిల్ముంది. ఐదింటికి మనకి అందాలి," అన్నాడు చీఫ్. "నాలుగింటికి ప్రెస్సులో ఈ పుస్తకం ఆవిష్కరణ. ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? ఆ కమిషనరే. ప్రెస్సుకి మెషీను అమ్మింది వాళ్ళ దేశంవాళ్ళు. ఆయన పక్కన చిలక నిలబడి ఉంటుంది. ఆయన తాగే నీళ్ళ ఫ్లాస్కు చేతిలో పట్టుకుని."

"ఆవిడకి కబురు పెడితే, సార్?"

"పొద్దున్నుంచి ఆయన కారులోనే ఉంది. ఫంక్షన్ ఆపిస్తే ఎందుకని ఆరా తీస్తారు. ఆ పేజీలు ఆయన కంట పడకూడదు. పడితే ఆ అమ్మాయి ప్రాణాలతో మిగలదు." చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గీసింది మీ బావమరిదేగా. లోపలికి వెళ్ళడం నీకు తేలిక. ఇది ఎవడి నోటి నుంచి పొక్కిందో తర్వాత చూసుకుందాం."

"ఎస్ సార్," అన్నాడు తొమ్మిది.

ఆ నోరు ఎవరిదో వేరే వెతకాలా? అత్తారింట్లో అతనొక తూనికల ఇన్‌స్పెక్టరు. అది కవర్ ఉద్యోగం. పదేళ్ళుగా భోజనాల దగ్గర బావమరిది "ఏం బావా, ఇవాళ ఏ తక్కెడని అరెస్టు చేశావు?" అని ఏడిపించడం, అందరూ నవ్వడం, భార్య కూడా పమిట అడ్డం పెట్టుకుని నవ్వడం. కిందటేడు ఒక మధ్యాహ్నం మేడ మీద అతనికి ఒళ్ళు మండింది. తన అసలు ఉద్యోగం గురించి బావమరిది దగ్గర నోరు జారాడు. జారితే జారాడు, నిజమైనా చెప్పాడా పెద్దమనిషి? ఫ్లాస్కులో ఫిల్ము తెచ్చింది తానేనని కోతలు కోశాడు. తాను చేసిందల్లా ఫ్లాస్కులు బాగుచేసే కొట్లో నీడపట్టున కూర్చుని, చిలక తెచ్చిన ఫ్లాస్కు అడుగు తిప్పి ఫిల్ము తీసుకోవడం. ఆమె ప్రాణాలకు తెగించి చేసిన పనిని సొట్టతో సహా తన గొప్పగా చెప్పుకున్నాడు.

రెండున్నరకి మెషీను మెకానిక్ వేషంలో ప్రెస్సు చేరాడు. నీలం ఓవరాల్స్, గుబురు మీసం, జేబులో గాడ్జెట్ సెక్షన్ వాళ్ళిచ్చిన పొగ పెన్ను. గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో ఎదురుగా బావమరిది.

"బావా, ఆ మీసమేంటి?"

తొమ్మిది అతని చెయ్యి పట్టుకుని ఇంకు డబ్బాల గదిలోకి లాక్కుపోయాడు. "ఎవరికీ చెప్పనని ఒట్టేశావు కదరా."

"ఎవరికీ చెప్పలేదు బావా. గీశానంతే." బావమరిది మొహం వెలిగిపోతోంది. "నిన్నే హీరోని చేశాను. ఇన్నాళ్ళూ నిన్ను ఏడిపించినందుకు లెంపలేసుకున్నాననుకో. నడిపేజీలకే రెణ్ణెల్లు పట్టింది తెలుసా? నా చేత్తో అంతకంటే మంచి బొమ్మ పడలేదు."

అప్పుడే చెప్పేయాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పదేళ్ళకి మొదటిసారి ఆ కళ్ళలో తనమీద గౌరవం కనబడుతోంది. దాన్ని చేతులారా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

"ఆఫీసు అభ్యంతరంరా," అన్నాడు. "ఆ పేజీల్లో ఫ్లాస్కు, ఫిల్ము అన్న మాటలు ఉండకూడదట. అంతే."

"ఓస్, మాటలేనా? ఆ షీటుకి నలుపు ఇంకా పడలేదు, అక్షరాలన్నీ నలుపులోనేగా. పది నిమిషాల పని. బొమ్మ మార్చమంటే రెండు రోజులు పట్టేది."

బెలూన్లలో మాటలు మారిపోయాయి. ఇప్పుడు ఉరుము మనిషి గొంతు నొప్పికి కషాయం పట్టుకెళుతున్నాడు. తొమ్మిది తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడ ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వచ్చి ఉంటే, ఇక్కడ ఈయన తన పరువు దక్కిందని సంబరపడుతున్నాడు. సిగ్గులేకపోతే సరి.

మూడు ముప్పావుకి మెషీను మీంచి తడి షీటు ఒకటి చేతికొచ్చింది. దాన్ని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. అప్పుడు తట్టింది.

కమిషనర్‌కి మన భాష ఒక్క అక్షరం రాదు. అందుకేగా పక్కన దుబాసీని పెట్టుకున్నది. ఆయన మాటలు చదవడు. బొమ్మలు చూస్తాడు.

అవతల బైండింగ్ బల్ల దగ్గర ఆడవాళ్ళు చకచకా పని కానిస్తున్నారు. నాలుగేసి పేజీల షీట్లు ఎనిమిది, ఒకదానిలో ఒకటి పెట్టి నడుమ పిన్నులు కొడుతున్నారు. అన్నిటికంటే లోపలిది ఆ షీటే. మొదట తయారైన కాపీకి ప్రెస్సు యజమాని రిబ్బను కట్టి పళ్ళెంలో పెట్టించుకుని అప్పుడే హాల్లోకి పట్టుకెళ్ళాడు. బయట కారు తలుపుల చప్పుడైంది.

తొమ్మిది మళ్ళీ బావమరిదిని ఇంకు గదిలోకి లాగాడు.

"నడి షీటు వెయ్యొద్దని చెప్పు."

"నీకేమైనా మతిపోయిందా బావా?"

"అది నేను కాదురా." తొమ్మిది చూపు నేలమీద ఉంది. "ఫ్లాస్కులో తెచ్చింది నేను కాదు. ఒకావిడ. నేను కొట్లో కూర్చుని తీసుకున్నానంతే. నీ దగ్గర గొప్పలు పోయాను. ఆవిడ ఇప్పటికీ అలాగే తెస్తోంది."

"ఎవరావిడ?"

"కిటికీలోంచి చూడు."

బావమరిది చూశాడు. కమిషనర్ వెనకాల నీలం పట్టుచీరలో ఒకామె నవ్వుతూ కారు దిగుతోంది. చేతిలో ఆకుపచ్చ ఫ్లాస్కు. మూత మీద సొట్ట.

అతను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది తొమ్మిదికి. బావమరిది నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి, "అక్కా, నడి షీటు తీసెయ్యండి. బొమ్మ దరిద్రంగా వచ్చింది," అన్నాడు. రెణ్ణెల్ల కష్టాన్ని తన నోటితో తానే అలా అన్నాడు. కుట్టేసిన నలభై కాపీల్లోంచి నడి షీట్లు తనే లాగి పారేయడం మొదలెట్టాడు.

మిగిలింది పళ్ళెంలో కాపీ.

తొమ్మిది హాల్లోకి పరిగెత్తాడు. కమిషనర్ అప్పటికే రిబ్బను ముడి లాగుతున్నాడు. పొగ పెన్ను మీట నొక్కాడు. అగ్గిపుల్ల ఆర్పినంత పొగ వచ్చి ఊరుకుంది. ఇక ఆలోచించలేదు. తలుపు పక్కనున్న ఇంకు డబ్బాలో రెండు చేతులూ ముంచి, మెషీను సంగతేదో చెప్పబోయినవాడిలా ముందుకు తూలి, ఆ కాపీ మీద పడ్డాడు. అట్ట మీద పది వేళ్ళూ దిగాయి. కమిషనర్ కోటు మీద ఒక చుక్క.

కమిషనర్ పామును వదిలినట్టు పుస్తకం వదిలేశాడు.

"బుద్ధుందా నీకు? ఎవర్రా వీణ్ణి లోపలికి రానిచ్చింది?" యజమాని నలుగురిలో తిట్టిపోశాడు. తొమ్మిది చేతులు కట్టుకుని అంతా విన్నాడు. ఒక్కటి కూడా తనకు ఎక్కువనిపించలేదు.

కిందపడిన కాపీని చిలక వంగి తీసుకుంది. అది సరిగ్గా పిన్నుల దగ్గర విచ్చుకుంది. ఆమె చూసింది. ఒక్క క్షణం. నవ్వు చెదరలేదు, ఫ్లాస్కు వణకలేదు. పుస్తకం మూసి తన సంచిలో పెట్టుకుని, మెకానిక్ మీసం వైపు ఒకసారి చూసింది.

బావమరిది శుభ్రమైన కాపీ తెచ్చి ఇచ్చాడు. కమిషనర్ పేజీలు తిప్పి, నడిమధ్యలో ఆగి, తన భాషలో ఏదో అడిగాడు.

"వీరుడు లోపలికి వెళ్ళడం ఉంది. వెంటనే పత్రాలతో బయట ఉన్నాడు. ఎలా తెచ్చాడు అని అడుగుతున్నారు," అంది చిలక.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "తేలేదండి. వేరే ఎవరో తెచ్చిపెట్టారు. వీడు బయట నిలబడి తీసుకున్నాడు."

చిలక అదే మాటని ఆయన భాషలోకి మార్చింది. కమిషనర్ పగలబడి నవ్వాడు. హాలంతా నవ్వింది. మూల నిలబడి తొమ్మిది కూడా నవ్వాల్సి వచ్చింది.

ఐదింటికి పది నిమిషాల ముందు ఫ్లాస్కుల కొట్లోంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు. "పని అయింది సార్. ఆ పొక్కిన నోరు నాదే."

"తెలుసు. నీ అంతట నువ్వు చెబుతావేమోనని చూశాను. రేపటి నుంచి ఆ కొట్లో ఇంకొకడు ఉంటాడు. ఆవిడకి మాత్రం నువ్వే చెప్పు," అని చీఫ్ పెట్టేశాడు.

చిలక వచ్చింది. ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, "కార్కు వదులైంది," అంది. అది కోడ్.

"కొత్తది బిగిస్తాను," అన్నాడు. అడుగు తిప్పి ఫిల్ము తీసుకున్నాడు. తల ఎత్తలేకపోయాడు. "ఆ బొమ్మలు గీసింది మా బావమరిది. వాడికి చెప్పింది నేనేనండి. నేను చేసినట్టు చెప్పుకున్నాను. మీ ముందు నిలబడే మొహం లేదు నాకు."

ఆమె సంచిలోంచి మరకల పుస్తకం తీసి అతని ముందు పెట్టింది.

"ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను ఈ పని," అంది. గొంతులో కోపం లేదు. "మా అమ్మకి కూడా చెప్పలేదు. ఎక్కడో టైపు కొట్టుకుంటున్నాననే అనుకుంటూ పోయింది పాపం."

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ పుస్తకాన్ని కొట్లో ఉన్న టంకం పొయ్యిలో పెట్టి, పూర్తిగా కాలేదాకా నిలబడ్డాడు. చిలక కదల్లేదు.

"ఇంకేమైనా ఉందాండి?" అన్నాడు చివరికి.

"కార్కు నిజంగానే వదులైంది. కాస్త బిగించి ఇవ్వండి," అంది చిలక. "ఆ పని మీరే చేశారని ఎవరితోనైనా చెప్పుకోవచ్చు."

తొమ్మిది కార్కు బిగించి ఇచ్చాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.