కాంతిపొర కింద మడత కాజా

రాజమండ్రి మెయిన్ రోడ్డులో గంగరాజు కాజాల కొట్టు పైన, బోర్డులోని మడత కాజా ఇంకా మట్టిరంగులోనే ఉంది. కింద కుర్చీలో కూర్చున్న సువర్చల టాబ్లెట్ మీద వేలితో తేనెరంగు కలిపింది, మడతల సందుల్లో నీడలు దిద్దింది, అంచున ఒక్క మెరుపు చుక్క పెట్టింది. అంతే, బొమ్మలోంచి పాకం కారుతున్నట్టయింది. రోజూ కాజాల మధ్యే బతికే గంగరాజుకు కూడా నోరూరింది.

లోగోలు గీయడం యంత్రాలు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. చివరి రంగులూ వెలుగులూ దిద్దే పని మాత్రం ఇంకా మనుషుల చేతిలోనే ఉంది. సువర్చల కంపెనీ ఉద్యోగం మానేసి సొంతంగా ఒప్పుకున్న మొదటి బోర్డు ఇది. ఇది కుదిరితే వీధిలో మిగతా కొట్లవాళ్లూ పిలుస్తారు. బెడిసికొడితే మళ్లీ ఆ కంపెనీ గుమ్మం తొక్కాలి. ఆ తలపుకే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

బోర్డు మీద పరిచిన పలుచటి రేకు డాక్టర్ ఖాదర్‌వలీ కనిపెట్టిన కాంతిపొర. దాని సంగతి ఆయన గంగరాజుకు ఓపిగ్గా చెప్పాడు. మామూలు బొమ్మలో మెరుపు వేసినచోటే ఉండిపోతుంది. ఈ పొరలో ఇసుక రేణువులంతేసి కెమెరాలున్నాయి. ఎండ ఎటునుంచి పడుతోందో, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడో అవి పసిగట్టి, మెరుపును ఎప్పటికప్పుడు జరుపుతాయి. అందుకే బొమ్మ నిజం వస్తువులా కనిపిస్తుంది.

"నిజం కాజా కంటే బాగుందండి," అన్నాడు గంగరాజు.

"అదేనండీ దాని గొప్ప," అన్నాడు డాక్టరు.

మర్నాడు జనం విరగబడ్డారు. అయితే ఆ ఊళ్లో, కొట్టువాడు ఇచ్చిన కాజాను ఇచ్చినట్టు పుచ్చుకునేవాళ్లు లేరు. పళ్లెం మీదికి వంగి, ఇది కాదు, ఆ మూలన పాకం బాగా పట్టింది ఇవ్వమని వేలు పెట్టి చూపించాల్సిందే. సువర్చల కూడా బుద్ధెరిగినప్పటినుంచీ అలాగే కొంటోంది. బోర్డు దిద్దేటప్పుడు మాత్రం ఆ సంగతే మరిచిపోయింది. వచ్చినవాళ్లంతా పళ్లెం చూసి, తలెత్తి బోర్డు చూసి, వేలు పైకి చూపించారు. అలాంటిది లేదంటే పెదవి విరిచారు. ఒకావిడైతే ఇవి నిన్నటివా అని మొహమ్మీదే అడిగేసింది. తెల్లవారుజామున లేచి పాకం పట్టిన గంగరాజు ముఖం చిన్నబోయింది. సాయంత్రానికి సగం సరుకు పళ్లాల్లోనే మిగిలింది.

"బోర్డు దించెయ్యమ్మా," అన్నాడు. "నా కాజాలకి నేనే పోటీ తెచ్చుకున్నట్టయింది."

సువర్చల ఒక్క పూట గడువడిగి, పళ్లెంలోంచి ఓ కాజా తెచ్చి ఎదురుగా పెట్టుకుంది. మెరుపు చుక్క తుడిచేసింది. తేనెరంగు తగ్గించి ఒక అంచు కాస్త మాడ్చింది, ఒక మడత విరిచింది. బొమ్మ అచ్చం కాజాలా వచ్చాక కూడా ఆగలేదు, ఇంకొంచెం నాసిగా దిద్దింది. పక్కన నిలబడ్డ ఖాదర్‌వలీ విలవిల్లాడిపోయాడు.

"ఏళ్ల తరబడి కష్టపడి నేను వెలుగుని పట్టుకొస్తే, నువ్వు ఆర్పేస్తున్నావేంటమ్మా?"

"ఆర్పడం లేదు సార్. పళ్లెంలోకి దించుతున్నాను."

మర్నాడు ఏమవుతుందో చూద్దామని ఆమే వెళ్లి వరుసలో నిలబడింది. జనం బోర్డు చూసి, పళ్లెం చూసి, ఇవే నయమనుకుని కట్టించుకుపోతున్నారు. ఆమె ముందున్న పెద్దాయన అక్కడే ఒకటి నోట్లో వేసుకుని గంగరాజు వైపు వంగాడు.

"కాజా మాత్రం అమృతమండి. ఆ బొమ్మేసినోళ్లెవరో గానీ, బొత్తిగా పని రాదు."

"ఆయ్, కొత్త పిల్లండి. నేర్చుకుంటది," అన్నాడు గంగరాజు, ఆమె వైపు చూడకుండా.

సువర్చలకు ఒళ్లు మండింది, ఆ వెంటనే నవ్వూ ఆగలేదు. పక్కనున్న చీరల కొట్టు యజమాని పాపారావు ఇదంతా కనిపెట్టి ఆమెను గుమ్మంలోకి పిలిచాడు. తన బోర్డు మీది పట్టుచీర మరీ ధగధగలాడిపోతోందట. లోపలికొచ్చినవాళ్లు బీరువాలన్నీ తెరిపించి, అలాంటిది లేదని వెళ్లిపోతున్నారట.

"మాకూ ఒకటి చేసిపెట్టమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "అచ్చం ఆ కాజా అంత బాగా పాడుచెయ్యాలి."

దసరా నాటికి వీధి వీధంతా వెలవెలబోయిన బోర్డులే. ఊరంతా పని రాని పిల్ల అని చెప్పుకునే సువర్చలకు అన్నం తినడానికి తీరిక లేదు.