బోటనీ తర్వాత ఏంటి?

కంప్యూటర్ ల్యాబ్ తలుపు ధడాలున తెరుచుకుంది. లోపల డిగ్రీ సీట్ల కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటున్న పిల్లలంతా మౌసులు వదిలేసి అటు తిరిగారు.

గుమ్మంలో రెబ్కా. బోటనీ గెస్ట్ లెక్చరర్. చేతిలో గొడుగు, ముక్కు మీద కోపం. ఆ గొడుగు వాన కోసం తెచ్చిందో, ఇమ్మానుయేలు వీపు కోసం తెచ్చిందో అప్పటికి తేలలేదు.

"సార్, మా పిల్లల్ని ఎందుకు లాక్కుంటన్నారు?"

ఇమ్మానుయేలు కంప్యూటర్స్ చెబుతాడు. అతనూ గెస్టే. చిలకలూరిపేటలోని ఆ డిగ్రీ కాలేజీలో ఈ ఏడు సలహా డెస్కు కూడా అతని నెత్తినే పెట్టారు. ఏ మేజర్ తీసుకోవాలి, అది దొరక్కపోతే రెండోది ఏది పెట్టుకోవాలి అని పిల్లలతో కూర్చుని మాట్లాడటం అతని పని.

"కూర్చోండి మేడమ్. టీ తాగుతారా?"

"తాగను. బోటనీ కోసం వచ్చిన పిల్లతో రెండో ఆప్షన్ పెట్టించారంట కదా?"

"పెట్టించా."

"ఎందుకని?"

"బోటనీ రాకపోతే ఎట్టా అని."

"ఎందుకు రాదు? ఏం తక్కువైందని రాదు?"

తక్కువైంది పిల్లలే. కిందటేడు బోటనీలో పట్టుమని పదిమంది చేరలేదు. ఈసారి పదిహేనుమందైనా లేకపోతే సెక్షన్ ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో మొహమాటం లేకుండా చెప్పేశారు. సెక్షన్ పోతే రెబ్కా ఉద్యోగమూ పోతుంది. ఊరుకునే మనిషా ఆమె? ఎండల్లో ఊళ్లమ్మట తిరిగి, ఇల్లిల్లూ ఎక్కి పన్నెండుమందిని కూడగట్టింది. మిగిలిన ముగ్గురు ఎక్కడున్నా పట్టుకొస్తానని పంతం పట్టింది.

"మా పిల్లలకి బోటనీ ఒక్కటే పెట్టమని చెప్పా. ఇంకోటి పెడితే మనసు అటు జారుద్ది," అంది గర్వంగా.

ఇమ్మానుయేలు మొహంలో నవ్వు పోయింది.

"అందరికీ అట్టాగే చెప్పారా?"

"అందరికీ చెప్పా. ఏం?"

"మొదటిది దొరికితే కంప్యూటర్ రెండోదాని జోలికే పోదు మేడమ్. రెండోది పెట్టినంత మాత్రాన మీ పిల్లలు ఎక్కడికీ పోరు. కానీ సెక్షన్ ఎత్తేస్తే? ఒకటే పెట్టిన పిల్లకి ఈ విడతలో ఎక్కడా సీటు రాదు. ఇంట్లోనే కూర్చోవాలి."

"సెక్షన్ నిలబడుద్ది."

"నిలబడాలనే నాకూ ఉంది. నిలబడకపోతే?"

రెబ్కా తన ఉద్యోగం గురించి వెయ్యిసార్లు ఆలోచించింది కానీ, తనని నమ్మి వచ్చిన పిల్లల గతేంటని ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గనిపించింది. అక్కడే, ఆ ల్యాబ్‌లోనే కుర్చీ లాక్కుని కూర్చుని ఫోన్ తీసింది.

"మార్చుకోడానికి టైమ్ ఎంతుంది?"

"ఇయ్యాల సాయంత్రం ఆరింటిదాకా."

"ఆ టీ ఏదో తెప్పించండి."

మధ్యాహ్నానికల్లా అందరితో మాట్లాడింది, ఒక్క సాజిదాతో తప్ప. సాజిదా మార్టూరు వైపు పల్లెటూరి పిల్ల. ఆకు చేతికిస్తే పొద్దస్తమానం దాన్నే చూస్తూ కూర్చునే రకం. ఎప్పుడు చేసినా ఫోన్ స్విచ్ఛాఫ్. పైగా ఆప్షన్ మార్చడానికి కావాల్సిన ఓటీపీ వెళ్లేది వాళ్ల నాన్న మాలిక్ ఫోనుకి. ఆయన పొద్దున పోతే చీకటి పడేదాకా పత్తిచేలోనే ఉంటాడు.

రెబ్కా స్కూటీ ఎక్కింది. అది గురగురమని ఆగిపోయింది. రెండోసారి ఆ గురగుర కూడా లేదు.

"నా బైకుంది," అన్నాడు ఇమ్మానుయేలు వెనకనుంచి.

"మీ బైకెక్కితే రేపు స్టాఫ్‌రూమ్‌లో ఇదే కబురు."

"గొడుగు మధ్యలో పెట్టుకోండి. ఎవరేమంటారు?"

గొడుగు మధ్యలో పెట్టుకునే ఎక్కింది. హైవే దిగగానే వాన మొదలైంది. గొడుగు తెరిస్తే గాలికి బైకు పక్కకి లాగేస్తోంది, మూస్తే ఇద్దరూ తడుస్తున్నారు. తడవడానికే సిద్ధపడ్డారు.

"అద్దం రోడ్డు చూడటానికి పెడతారు సార్."

"రోడ్డే చూస్తన్నానండీ. వెనకాల రోడ్డు."

"వెనకాల రోడ్డు సంగతి నేను చూస్తా గానీ, మీరు ముందు చూడండి."

చూశాడు, కాసేపు.

వాళ్లు చేరేసరికి వాన వెలిసింది. నల్లరేగడి చెప్పులకి పట్టుకుని అడుగు కదలనివ్వలేదు. రెబ్కా చెప్పులు గట్టున విడిచి చేలోకి దిగింది. మాలిక్, సాజిదా చెరో సాలులో వంగి, విత్తనం మొలవని చోటల్లా పోగుంటలు పెడుతున్నారు. పేపర్ కప్పుల్లో పెంచిన పత్తిమొక్కల్ని తెచ్చి ఖాళీల్లో నాటుతున్నారు.

విషయం విని మాలిక్ నడుం నిటారు చేశాడు.

"వద్దమ్మా. పిల్ల మొక్కల చదువన్నది, నేను సరేనన్నా. ఇప్పుడు ఇంకోటి రాస్తే ఆ మాటకి విలువేముంది?"

"నాకూ వద్దు మేడమ్," అంది సాజిదా. "మీరే కదా ఒకటే పెట్టమన్నది!"

"నేనే. తప్పు చెప్పాను తల్లీ," అంది రెబ్కా సూటిగా. తర్వాత మాలిక్ చేతిలో కప్పు వైపు చూసింది. "ఈ మొక్కల్ని ఎప్పుడు పెంచారన్నా?"

"గింజ వేసిన రోజే."

"గింజ మీద నమ్మకం లేకనా?"

"నమ్మకం లేకపోవడమేంటమ్మా? ఖాళీ పడితే చేను పాడు పెట్టుకుంటామా?"

అనేసి, తన చేతిలో కప్పు తనే చూసుకున్నాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. రెబ్కా ఇంకో మాట అనలేదు. అనకపోవడం ఆమెకి ఎంత కష్టమో ఆమెకే తెలుసు.

సాజిదా మాత్రం మెత్తబడలేదు. "నాకు కంప్యూటర్లంటే ఇష్టం లేదు మేడమ్."

"కంప్యూటర్స్ పెట్టమని ఎవరన్నారు?" ఇమ్మానుయేలు ఫ్యాంటు మోకాళ్లదాకా మడిచి చేలోకి వచ్చాడు. "బోటనీలో నీకేం ఇష్టమో చెప్పు."

"మా మిరపకి ఆకుముడత రాకుండా ఏం చెయ్యాలో తెలుసుకోవాలి సార్. కిందటేడు సగం తోట పోయింది."

"ఆకు ఎందుకు ముడుచుకుంది?"

"తామరపురుగు రసం పీల్చి."

"మరి పురుగుల సంగతి చెప్పే చదువేంటి?"

సాజిదా కళ్లు పెద్దవయ్యాయి. "జువాలజీ!"

"బోటనీ వస్తే ఆకు వైపునుంచి చదువు. రాకపోతే పురుగు వైపునుంచి మొదలుపెట్టు. తోట మీదేగా?"

ఆ పిల్ల నవ్వింది. రెబ్కా ఇమ్మానుయేలునే చూస్తూ నిలబడిపోయింది. ఇతను పిల్లల్ని లాక్కుంటున్నాడని పొద్దున ఊరంతా వినబడేలా అరిచి వచ్చింది తను. మోకాళ్లదాకా బురదలో నిలబడి, పిల్ల మనసులో ఏముందో ఓపిగ్గా అడుగుతున్న ఈ మనిషి ఆమెకి నచ్చాడు. దాచడమెందుకు, బాగా నచ్చాడు.

చేలో మాలిక్ ఫోనుకి సిగ్నల్ లేదు. ఆయన ట్రాక్టర్ ట్రక్కు ఎక్కి, ఫోన్ ఆకాశంలోకి ఎత్తి పట్టుకుని, ఓటీపీ అంకెల్ని పొలమంతా వినబడేలా అరిచాడు. కింద సాజిదా ఇమ్మానుయేలు ఫోన్లో టైపు చేసింది. ఆరు కొట్టకముందే జువాలజీ రెండో వరసలో కూర్చుంది.

సీట్లు తేలిన రోజు రెబ్కా ఫోన్ తెరవడానికి భయపడి, ముందు ప్రార్థన చేసుకుని, అప్పుడు తెరిచింది. బోటనీలో పదహారు పేర్లు! సాజిదా పేరు అందరికంటే పైన ఉంది. పన్నెండుమంది తను తెచ్చినవాళ్లే. మిగతావాళ్లెవరో అర్థం కాలేదు. ల్యాబ్ ముందు నిలబడ్డ ఒక కొత్త పిల్లని పట్టుకుని అడిగింది.

"నాకు కంప్యూటర్స్‌లో సీటు రాలేదు మేడమ్. మాకు మిరపనారు నర్సరీ ఉంది. రెండోదిగా బోటనీ చూడమని ఇమ్మానుయేలు సార్ చెప్పారు."

ఆ తలుపు మళ్లీ ధడాలుమంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ కోసం చేశాననుకుంటారు," అన్నాడు ఇమ్మానుయేలు. "మీ కోసం చెయ్యలేదు మేడమ్. ఎవరికి సరిపడుద్దో వాళ్లకే చెప్పా. సరిపడనోళ్లకి చెప్పలేదు."

"ఓహో. మరి నా కోసం ఏం చేశారంట?"

అడిగేశాక నాలిక కరుచుకుంది. ఇమ్మానుయేలు చెవులు ఎర్రబడ్డాయి. ఎవరితోనైనా గంటలకొద్దీ మాట్లాడగలిగే మనిషి మాట కోసం తడుముకున్నాడు.

"మీ కోసం... ఆదివారం ఆరాధన అయ్యాక మీ అమ్మగారి దగ్గరికి వద్దామనుకుంటన్నా. రానిస్తారా?"

రెబ్కా పొడిచే చూపు చూడాలనుకుంది. కుదర్లేదు, నవ్వొచ్చేసింది. "గొడుగు తెచ్చుకోండి," అని వెళ్లిపోయింది.

ఆదివారం వచ్చాడు. రెబ్కా తల్లి హెలెన్ మిషన్ స్కూల్లో టీచరు. పిల్లలేం ఖర్మ, పాస్టర్ గారు కూడా ఆవిడంటే జంకుతారు. అతను వందనాలు చెప్పి కూర్చోగానే ఆవిడ సూటిగా అడిగింది.

"అబ్బాయ్, మా అమ్మాయి ఉద్యోగం నిలబడింది కాబట్టి వచ్చావా? పోయుంటే ఏం చేసేవాడివి?"

"పోతదనుకున్న రోజే మా నాన్నతో చెప్పానండీ. పొలం నుంచి తడిసి ఇంటికెళ్లిన రాత్రే. చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకుంటానని."

"నాతో చెప్పకుండా మీ నాన్నతో చెప్పారా?" వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది రెబ్కా.

"మీతో చెప్తే పోట్లాడతారని..."

"పోట్లాడతా! ఇన్ని రోజులు నేను ఒక్కదాన్నే ఇదవుతున్నాననుకుని..." ఆగిపోయింది.

హెలెన్ కళ్లజోడు తీసి కూతుర్ని చూసింది. "ఇదవడం అంటే ఏంటే? సరిగ్గా చెప్పు."

రెబ్కా తల వంచలేదు. వంచే రకం కాదు.

"ఇష్టమమ్మా. చాలా ఇష్టం. ఈయన్నే చేసుకుంటా."

ఇమ్మానుయేలు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

హెలెన్ లేచి వాళ్లిద్దర్నీ పక్కపక్కన మోకరించమంది. చెరో తల మీద చెరో చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ ప్రార్థన అంత తొందరగా తెమిలేది కాదు. వానల దగ్గర మొదలై, పంటల మీదుగా, కాలేజీ పిల్లలందర్నీ తలుచుకుంటూ సాగుతోంది. మధ్యలో రెబ్కా మెల్లగా కళ్లు తెరిచి పక్కకి చూసింది. అతను ఎప్పుడు తెరిచాడో, అప్పటికే ఆమెనే చూస్తున్నాడు.

"ఇద్దరూ కళ్లు మూసుకోండి," అంది హెలెన్, తన కళ్లు తెరవకుండానే. "ఇంకా మీ పెళ్లి దగ్గరికి రాలేదు."