స్టార్టర్ బొటనవేలు

"ఏం కావాలి?" కళ్లద్దాల షాపులో ముసలాయన తల ఎత్తకుండా అడిగాడు.

"ఎడమ అద్దంలో మనుషులు ఇద్దరిద్దరుగా కనిపిస్తున్నారు."

"కుడికన్ను మూసుకుని లోపలికి రండి."

కోడ్ సరిపోయింది. వెనకగదిలో చీఫ్ ఎదురుచూస్తున్నాడు.

"కూర్చో, ముల్లూ."

లోకానికి అతను స్పోర్ట్స్ టైమింగ్ కంపెనీలో వైస్ ప్రెసిడెంట్. గూఢచారి ఏజెన్సీ ఫైల్లో మాత్రం 'ముల్లు'. ఇరవై రెండేళ్ల కిందట ఆ కంపెనీలో కేబుల్ చుట్టలు మోసే ఉద్యోగం ఇప్పించింది ఏజెన్సీయే. పోటీలు జరిగే ప్రతి దేశానికీ పెట్టెలతో సహా దర్జాగా వెళ్లొచ్చు, ఇంతకన్నా మంచి ముసుగేముంది? కానీ ముసుగు కోసం చేరినవాడికి పని మీద ప్రేమ పుట్టింది. కేబుళ్ల నుంచి కెమెరాకి, కెమెరా నుంచి సేల్స్‌కి, అక్కణ్నుంచి వైస్ ప్రెసిడెంట్ గదికి ఎక్కిన మెట్లన్నీ సొంత కష్టమే. వచ్చే నెల ఎండీ కుర్చీ ఖాయమంటున్నారు. రేపటి ఫైనల్లో గడియారం తడబడితే మాత్రం కుర్చీ కాదు కదా, గేటు దగ్గర స్టూలు కూడా దక్కదు.

చీఫ్ గొంతు తగ్గించాడు. "రేపు నాలుగూ పదికి వందమీటర్ల ఫైనల్. యుద్ధం ఆపడానికి సంతకాలు పెట్టబోయే ఇద్దరు విదేశాంగ మంత్రులూ గ్యాలరీలో పక్కపక్కన కూర్చుంటారు. ఆ సంతకాలు పడకూడదనుకునే విదేశీ ముఠా మెసేజ్ ఒకటి దొరికింది. 'తుపాకీ మోగితే పని అయిపోతుంది.'"

"స్టార్టర్ తుపాకీ చప్పుడు చాటున ఎవడో కాలుస్తాడా?"

"మేమూ అదే అనుకుంటున్నాం. పైకప్పులు మావాళ్లు చూసుకుంటారు. లోపల నువ్వూ, నీ శిష్యురాలూ."

శిష్యురాలంటే కంపెనీ కెమెరా విభాగం హెడ్. పరుగు వీరుల కోసం వచ్చిన ఫొటోగ్రాఫర్లు కూడా ఒక్క క్షణం ఆమె వైపు తిరుగుతారు. ఆమెకు పని నేర్పిందీ, పదేళ్ల కిందట ఏజెన్సీలోకి తెచ్చిందీ అతనే.

మర్నాడు మధ్యాహ్నం స్టేడియం సొరంగంలో, తుపాకీ పేల్చి పరుగు మొదలుపెట్టించే స్టార్టర్ ఎదురయ్యాడు. అరవై దాటిన మనిషి. కుడి బొటనవేలికి వంకాయంత తెల్లకట్టు.

"ఏమైంది బాబాయ్?"

"రాత్రి కారు తలుపేశానయ్యా. వేలు లోపలే ఉందని తర్వాత తెలిసింది. మీ పిన్ని నవ్వి నవ్వి, ఆనక కట్టు కట్టింది."

"తుపాకీ పట్టుకోగలవా?"

"ఉద్యోగం చూపుడువేలిది. అది బ్రహ్మాండంగా ఉంది."

అతనికి నవ్వొచ్చింది. ఆ రోజంతటికీ అదొక్కటే నవ్వు.

నాలుగూ ఐదు నిమిషాలు. ట్రాక్‌కి ఆవలివైపు టైమింగ్ గదిలో స్కోర్‌బోర్డు కీబోర్డు ముందు ముల్లు కూర్చున్నాడు. శిష్యురాలు జీరో టెస్ట్ కాగితం అందించింది. "సంతకం పెట్టండి సార్. పొద్దున తొమ్మిదికి చేసేశాం."

పోటీకి ముందు గమ్యరేఖ దగ్గరి ఫినిష్ కెమెరా ఎదుట స్టార్టర్ తుపాకీ పేలుస్తాడు. చిత్రంలో మెరుపూ, గడియారంలో సున్నా రెండూ వెయ్యోవంతు సెకను తేడా లేకుండా కలవాలి. అదే జీరో టెస్ట్. ఆ కెమెరా వెంట్రుకంత సందులోంచి ఒక్క గీతనే చూస్తుంది. కదలని చెయ్యి అందులో అడ్డచారలుగా సాగుతుంది. చిత్రంలో తుపాకీ నల్లచార ఉంది. వేళ్ల గోధుమరంగు చారలున్నాయి.

కట్టు తాలూకు తెల్లచార లేదు.

పెన్ను ఆగిపోయింది. ఇది పాత చిత్రం. పొద్దున టెస్ట్ జరగలేదు. తుపాకీ పేల్చనిదే టెస్ట్ చేయలేరు. ఈ రోజు మొదటి పరుగు ఈ ఫైనలే. అంటే నిన్న రాత్రి నుంచి ఆ తుపాకీ ఒక్కసారైనా మోగలేదు. మోగితే... పని అయిపోతుంది.

"తుపాకీ నుంచి గడియారానికి వచ్చే ఆ కేబుల్ ఇంకెక్కడికి పోతోందమ్మా?"

ఆమె మెడలోని స్టాప్‌వాచ్ అతని వైపు తిరిగింది. దాని అంచున విషపుసూది వదిలే సన్నని గొట్టం.

"గ్యాలరీ కింది బాంబుకి. పీకినా పేలుతుంది. స్టార్టర్‌కి ఫోన్ లైన్ కోసేశాను. కుర్చీలోంచి లేవకండి సార్."

"నేను నిన్ను ఎంచుకున్నానే!"

"మీరు ఎంచుకునేలా వాళ్లు నన్ను పంపారు."

కింద ఎనిమిదిమంది వంగి బ్లాకుల్లో పాదాలు సర్దుకున్నారు. బాబాయి చెయ్యి పైకి లేచింది. బోర్డు మీద సున్నాలు కనిపిస్తేనే ట్రిగ్గర్ నొక్కాలి. ముప్పై ఏళ్లుగా ఆయనకది రెప్పవేసినంత అలవాటు.

అతను లేవలేదు. ఆమెకు వీపు తిప్పి, వేలితో ఒకే ఒక్క కీ నొక్కాడు.

ఎవరూ పరుగెత్తకుండానే బోర్డు మీద గడియారం పరుగెత్తింది. 0.41... 1.08... 1.90...

మెడ మీద సూది దిగుతుందని ఎదురుచూశాడు. దిగలేదు.

బాబాయి తుపాకీ దించేశాడు. పరుగు వీరులు తిట్టుకుంటూ లేచారు. నలభైవేలమంది ఒక్కసారిగా గొల్లుమన్నారు. "గడియారానికి పిచ్చెక్కిందిరోయ్!" ఆ నవ్వు టీవీల్లో ప్రపంచమంతా తిరిగింది.

ఏజెన్సీవాళ్లు వచ్చి ఆమెను పట్టుకున్నారు. నలభై నిమిషాల్లో బాంబ్ స్క్వాడ్ పని ముగించింది. కొత్త తుపాకీతో పరుగు జరిగింది. సాయంత్రం సంతకాలూ పడ్డాయి.

మర్నాడు ఉదయమే ఉద్యోగం ఊడిన ఉత్తరం జేబులో పెట్టుకుని చీఫ్ ముందు కూర్చున్నాడు.

"నిజం బయటపెట్టలేం, ముల్లూ. పెడితే ఒప్పందం మళ్లీ మొదటికొస్తుంది."

"తెలుసు. రిపోర్టులో మాత్రం ఒక్కమాట రాయండి. ఆమె ఆ స్టాప్‌వాచ్ నొక్కలేదు."

"టైం చాల్లేదేమో."

"ఆమె చేతివేగం పదేళ్లుగా కొలుస్తున్నాను సార్. చాలినంత ఉంది. నొక్కలేదు."

చీఫ్ ఆ మాట రాశాడు. ఆమె శిక్షలో ఆ ఒక్క వాక్యం ఎన్నేళ్లు తగ్గిస్తుందో ఇద్దరికీ తెలియదు.

బయట బెంచీ మీద ఎవరో పత్రిక వదిలేసి వెళ్లారు. మొదటి పేజీలో చిరునవ్వుతో ఒక మంత్రిగారు. కింద ఆయన మాట: 'ఆ టైమింగ్ కంపెనీవాళ్లు నా జీవితంలో నలభై నిమిషాలు వృథా చేశారు.'

మిగతా జీవితం గురించి మంత్రిగారు ఏమీ ఫిర్యాదు చేయలేదు.