ఖాళీ గాడిలో రెండు సెకన్లు

"తలుపు తియ్యండి సార్, పాప ఏడుస్తోంది!"

అందరూ భూతద్దం అని పిలిచే ప్రైవేటు డిటెక్టివూ, ఆమెకు సహాయకుడైన మరిదీ లోపలికి రాగానే మేనేజరు మళ్ళీ తాళం వేశాడు. అది రక్తనిధి కంప్యూటర్ గది. ఇంజనీరు ఒక మూల కూర్చున్నాడు. ఆపరేటరు అద్దానికి ఆనుకుని నిలబడి ఉంది. బయట బెంచీ మీద ఆమె అత్తగారు చంటిదాన్ని ఊపుతోంది. ఏడుపు వినపడదు, తెరిచిన నోరే కనపడుతుంది.

మేనేజరు విషయం చెప్పాడు. "నిన్న ఈ ఇంజనీరు కంప్యూటర్లో కొత్త కార్డు బిగించాడు. ఎనిమిది లక్షల మంది రక్తదాతల వివరాలు ఒక్కొక్కటే చూడక్కర్లేదు. వెయ్యిమంది తలో చేటా పట్టి ఏరినట్టు అన్నీ ఒకేసారి వెతుకుతుంది. ఇరవై నిమిషాల పని రెండు సెకన్లు! ఇవాళ ఈమె బి పాజిటివ్ వెతికితే మళ్ళీ ఇరవై నిమిషాలు. పెట్టె విప్పితే కార్డు లేదు. పెట్టె తాళాలు వీళ్ళిద్దరి దగ్గరే ఉంటాయి. ఒప్పుకుంటేగానీ కదలనివ్వను."

"కార్డు తనకెందుకండీ?" అంది భూతద్దం.

"వెతకమని నొక్కేసి పాలివ్వడానికి పరిగెత్తేది మేడమ్," అన్నాడు ఇంజనీరు. "రెండు సెకన్లయితే నా పాప గతేంటని నిన్న తనే అంది."

"అన్నాను! అంటే దొంగనైపోతానా?" అంది ఆపరేటరు. జాకెట్టు తడుస్తుంటే కొంగు కప్పుకుంది.

"నిన్న ఈయన ఏం వెతికి చూపించారు?" అడిగింది భూతద్దం.

"అయిదుసార్లూ ఓ నెగటివ్ రక్తం ఉన్న దాతల్నే," అన్నాడు మేనేజరు.

"బిగించేటప్పుడు ఎవరున్నారు?"

"ఇంజనీరుగారు మమ్మల్ని గంటసేపు బయటే ఉంచారండీ," అంది ఆపరేటరు. "అప్పట్నుంచీ మిషను ఆపలేదు."

మరిది కార్డు పెట్టే గాడిలో రుమాలు దూర్చి తీశాడు. నల్లటి దుమ్ము. "వదినా, ఇది ఏడాది దుమ్ములా ఉందే!"

భూతద్దం అందర్నీ తెర ముందుకు పిలిచింది. "అమ్మాయ్, ఓ నెగటివ్ వెతుకు."

రెండు సెకన్లు. జాబితా వచ్చేసింది.

"కార్డు లేకుండానా?" మేనేజరు నోరెళ్ళబెట్టాడు.

"అసలు కార్డు ఈ గాడిలోకి రానేలేదండీ. వస్తే దుమ్ము చెదిరేది. ఈయన ఒంటరిగా ఉన్నప్పుడు ఇదే ప్రశ్న ఒకసారి అడిగి, ఇరవై నిమిషాలూ కూర్చున్నారు. మిషను ఆ జవాబు దాచుకుంది. తర్వాత అయిదుసార్లూ దాచుకున్నదే చూపించింది. ఇవాళ ఈ అమ్మాయి కొత్త ప్రశ్న అడిగింది, గుట్టు బయటపడింది. దొంగతనం కథ అప్పుడు పుట్టింది."

ఇంజనీరు నేలచూపులు చూశాడు. "కార్డు మా బావమరిది ఆటలాడే కంప్యూటర్లో ఉంది మేడమ్. రేపు తెచ్చి పెడతాను."

"అబ్బో, బామ్మర్ది బాగా ఆడుతున్నాడా?" అన్నాడు మరిది.

తాళం తీశారు. ఏడుపు ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. ఆపరేటరు గడప దాటబోతుంటే మేనేజరు కేకేశాడు. "రేపట్నుంచి రెండు సెకన్లే అమ్మాయ్. సీటు వదలక్కర్లేదు!"

ఆమె కాలు గడప మీదే ఆగిపోయింది.

"కార్డు దొరికింది సరే," అంది భూతద్దం మేనేజరుతో. "అది మిగిల్చే ఇరవై నిమిషాలు ఎవరివండీ?"

 మేనేజరు జవాబు కోసం పాప ఆగలేదు. ఆపరేటరు గడప దాటి పాపను ఒళ్ళోకి తీసుకుంది.