ఆపరేషన్ పెనుకొండ: సర్వర్ దొరకలేదు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. వయసు మళ్లినాక అక్షరాలు నేర్చినదాన్ని. ఒక పేజీ రాయడానికి నాకొక పూట పడుతుంది. ఈ కథలో ఏజెంటు మాత్రం వేగమైనవాడే.

2003, మార్చి. మధ్యాహ్నం 3:50.

ధర్మవరంలో పుట్టమ్మ ఇంట్లో, చీరల వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ అమర్‌నాథ్ కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్నాడు. పట్టుచీరల డిజైన్లు గీయించడానికి పుట్టమ్మ కొన్న కంప్యూటరది.

పొద్దున హిందూపురంలో చీఫ్ చెప్పింది నాలుగు ముక్కలే.

"శామ్యూల్ విదేశీ ముఠా జాబితాతో రైలెక్కుతున్నాడు. నాలుగున్నరకు పెనుకొండలో దిగుతాడు. ప్రమాదముంటే మన సైట్‌లో 'మల్లెలు వాడాయి' అని కొట్టు. దిగొద్దని రైలు గార్డుతో వైర్‌లెస్‌లో చెప్పిస్తాం. ఫోన్లో మాట్లాడొద్దు. ముఠా వింటోంది."

ప్రమాదం ఉంది. అమర్‌నాథ్ పెన్నులో దాచిన రేడియో ముఠా మాటలు పట్టింది. పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఇద్దరు తుపాకులతో కాచుకున్నారు.

మోడెం కూసింది. కనెక్టయింది. సైట్ పేరు కొట్టాడు. 'సర్వర్ దొరకలేదు.' మళ్లీ కొట్టాడు. అదే జవాబు.

నెట్‌లో తనకు తెలిసిన వేరే కంప్యూటర్ నంబరుకు పింగ్ కొట్టి పలకరించాడు. పలికింది. అంటే నెట్ బతికే ఉంది, పేర్లే చచ్చాయి. సెట్టింగ్స్ తెరిచాడు. పేరు చెబితే నంబరు వెతికిచ్చే సర్వర్‌ను డీఎన్‌ఎస్ అంటారు. దాని గడిలో ఏదో కొత్త నంబరు కూర్చుని ఉంది.

"అక్కా, దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారా?"

"పొద్దున సాయిసుధ వచ్చిండె గదప్పా, డిజైన్లు నేర్పే పిల్ల. నెట్టు స్పీడు చేస్తానని ఏందో నొక్కె."

సాయిసుధ! నల్ల కళ్లద్దాలు, ఎర్ర షిఫాన్ చీర. నిన్ననే తన చేతికి సీల్డ్ కవర్ ఇచ్చి నవ్విన సొంత ఏజెంట్. డబుల్ ఏజెంట్!

ఆ గడి ఖాళీ చేశాడు. పని కాలేదు. తోచిన నంబర్లు కొట్టాడు. పని కాలేదు. సైట్ నంబరేమిటో చీఫ్ చెప్పలేదు, పేరే చెప్పాడు.

4:15. శామ్యూల్ ఈపాటికి సంచీ సర్దుకుంటూ ఉంటాడు. పోయిన నెలే వాడి పెళ్లికి తాను సాక్షి సంతకం పెట్టాడు. అమర్‌నాథ్ చేతులు ఒళ్లో పెట్టుకుని గడియారం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమబ్బా, అంత మనిషివి అట్ల కూసుంటివే! ఏం కావల్ల నీకు?"

"ఆ పిల్ల మార్చకముందు ఈడున్న నంబరక్కా. అది పోయింది."

"యాడికి పోతాది? ఉండాది రా."

పుట్టమ్మ మగ్గం గదిలోకి లాక్కెళ్లింది. గోడ మీద బొగ్గుతో రాసిన అంకెలు, మధ్యలో చుక్కలతో సహా.

"మగ్గం మీద పాత డిజైను విప్పాలంటే ముందు గుర్తు రాసుకోమా? ఆ పిల్ల నంబరు చెరిపేస్తాంటే పక్కనుండి చూసి రాసి పెట్టుకుంటి. నాకు అక్షరాలు రావుగానీ అంకెలొస్తాయి. చదువుకున్నోళ్లకు ఇంత గూడా తెల్దా?"

4:27. తిరిగొచ్చి ఆ గడిలో అంకెలు కొట్టాడు. సైట్ తెరుచుకుంది. 'మల్లెలు వాడాయి' అని కొట్టి, కింద సాయిసుధ సంగతీ రాశాడు.

ఇక చేయగలిగిందేమీ లేదు. 4:30. 4:31. పెన్నులో ముఠావాడి గొంతు గరగరలాడింది.

"ఎవడూ దిగలేదు. రైలు కదిలిపోయింది."

అమర్‌నాథ్ అప్పుడు ఊపిరి పీల్చాడు. తెర మీద చీఫ్ జవాబు వెలిగింది. "శామ్యూల్ ధర్మవరంలో దిగుతాడు. సాయిసుధ దొరికింది. అక్కడ ఏ ఆధారమూ మిగలకూడదు. అన్నీ చెరిపెయ్."

అతను తడిగుడ్డ తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. పుట్టమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగప్పా! తుడిచేముందు దాన్ని యాడన్నా రాసుకోవల్ల."

— వెంకటక్క, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉండేది ముదిగుబ్బ.