టిప్టన్ బెల్టు మీద నలభై ఒక్కమంది

"ఈ ప్లాంటుకి నువ్వు ఇంతకుముందు వెళ్ళావు," అంది మార్జరీ థ్వెయిట్. అడగలేదు, చెప్పింది.

లుద్విక్ సోవా తలూపాడు.

బర్మింగ్‌హామ్‌లోని ఆ ఆఫీసు తలుపుకి బోర్డు లేదు. మనుషుల్ని బానిసల్లా పనిచేయించే ముఠాల్ని పట్టుకోవడానికి ప్రభుత్వం పెట్టిన రహస్య విభాగం అది. మార్జరీ దానికి చీఫ్. లుద్విక్ ఆవిడ ఏజెంట్లలో ఒకడు. వాల్సాల్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు పోలండ్ వాళ్ళు. వయసు నలభై ఆరు. ఏ గుంపులో నిలబెట్టినా ఎవరికీ గుర్తుండని మొహం. అతని ఉద్యోగానికి ఆ మొహమే పెట్టుబడి.

బ్రీఫింగ్ ఐదు నిమిషాలు. విల్లోమియర్ వేస్ట్ అనే కంపెనీ పదకొండు ఊళ్ళ చెత్త ఎత్తుతుంది. లారీల మీద పచ్చటి ఆకు బొమ్మ. టిప్టన్‌లో చెత్త వేరుచేసే ప్లాంటు ఉంది. అక్కడ చెత్తని మోసుకెళ్ళే బెల్టు ముందు నిలబడి ఏరేవాళ్ళు మాత్రం కంపెనీ మనుషులు కారు. వాళ్ళని ఒక ఏజెన్సీ పంపుతుంది. దానికి ఇంకో ఏజెన్సీ, ఆ రెండోదానికి మూడోది. ఆ మూడోదాని అడుగున క్లైవ్ రడ్జ్ అనేవాడు, వాడి వెనక ఖండం దాటిన ముఠా.

"నలభై ఒక్కమంది. అందరి పాస్‌పోర్టులూ వాడి దగ్గరే," అంది మార్జరీ. "సోమవారం ఆడిట్. అందుకని శుక్రవారం పొద్దున పదకొండింటికి అందరినీ కోచ్ బస్సు ఎక్కించి, ఓడ మీద హాలండ్‌కి దాటిస్తాడు. దాటారంటే మళ్ళీ దొరకరు."

ఇప్పుడే రెయిడ్ చేస్తే ఏమని అడిగాడు లుద్విక్. పాస్‌పోర్టుల సంచీ రడ్జ్ చేతిలో ఉండగా పట్టుకోవాలంది ఆవిడ. లేకపోతే వీళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళేనంటాడు, కోర్టు నమ్ముతుంది. సంచీ బయటికొచ్చిన క్షణాన లుద్విక్ "గొడుగు" అని అరవాలి. బెల్టు మీదకి విరిగిన గొడుగులు వస్తూనే ఉంటాయి, ఊచలు మిషన్లో ఇరుక్కోకుండా మనుషులు అరుస్తూనే ఉంటారు. ఎవడికీ అనుమానం రాదు. టీమ్ రెండు చెత్త లారీల్లో గేటు బయటే ఉంటుంది.

అతని చెవికి ఒక పాత చెవిటి మిషను తగిలించారు. అందులోంచి అటు మాటలు ఇటూ, ఇటు మాటలు అటూ. లోపల ఒక ఇన్‌ఫార్మర్ కూడా ఉంది. కోడ్ పేరు లకుముకి.

"రెండేళ్ళ కిందటి నీ రిపోర్టులో ఏమీ లేదు," అంది మార్జరీ చివర్లో.

"ఏమీ కనబడలేదు మేడమ్," అన్నాడు లుద్విక్.

అది అబద్ధం.

అప్పుడతను పనివాళ్ళ పరిస్థితులు తనిఖీ చేసే మామూలు ఇన్‌స్పెక్టరు. పసుపుపచ్చ కోటు వేసుకుని బెల్టు వెంట నడుస్తుంటే జెనోన్ అనే పనివాడు పోలిష్‌లో పలకరించాడు. కుడిచేతికి గుడ్డకి బదులు ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది, లోపల చీము. పెదాలు కదపకుండా, "మా పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరున్నాయి సార్," అన్నాడు. లుద్విక్ వెళ్ళి మేనేజర్ని అడిగాడు. పోగొట్టుకుంటారని దాచిపెట్టామని మేనేజరు నవ్వేశాడు. నాలుగింటిలోపు ఇంకా రెండు ప్లాంట్లు చూడాలి. లుద్విక్ 'అభ్యంతరాలు లేవు' అన్న గడిలో టిక్కు పెట్టి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి, మాసిన జాకెట్టుతో, లెషెక్ అనే దొంగ పేరుతో బెల్టు ముందు నిలబడ్డాడు. చేతులకి తొడుగులిచ్చారు గానీ వాటికి వేళ్ళ దగ్గర చిరుగులు. పాలడబ్బాలు, పిల్లల డయపర్లు, చచ్చిన పావురం, సూదులు. ఊళ్ళోవాళ్ళు శుభ్రంగా కడిగి పెడతామనుకునేదంతా ఇక్కడికి ఈ వాసనతోనే వస్తుంది. గంటకోసారి బెల్టు వేగం పెంచారు. ఎవరూ తల ఎత్తలేదు.

పదింటికి పది నిమిషాల విరామం. రొట్టెముక్క తింటున్న లుద్విక్ పక్కన ఒకడు వచ్చి కూర్చున్నాడు. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ ముడుచుకుపోయి ఉన్నాయి.

"పసుపు కోటులో ఇంకా బాగుండేవారు," అన్నాడు జెనోన్ మెల్లగా. "ఏం ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ఉద్యోగం కూడా ఊడగొట్టారా?"

లుద్విక్ నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. కవర్ పోయింది, అంతా పోయింది అనుకున్నాడు.

"భయపడకండి, ఎవరికీ చెప్పను," అన్నాడు జెనోన్. "మేమే మీకు గుర్తులేం గానీ మీరు మాకు బాగా గుర్తు. ఈసారి వెళ్ళేటప్పుడు మాత్రం ఒంటరిగా వెళ్ళకండి."

ఆ చెయ్యి అలా ఎప్పుడయిందని అడగాలనుకున్నాడు లుద్విక్. అడగలేదు. జవాబు తనకి తెలుసు.

బుధవారం లకుముకి కనబడింది. తెల్లటి ఉన్ని కోటు, ఎర్రటి పెదాలు, ఆ కంపులో కూడా ముందుగా తెలిసిపోయే సెంటు. పేరు ఇలోనా. పోలండ్ బస్టాండుల్లో దిక్కుతోచని వాళ్ళని అక్కా తమ్ముడూ అని పలకరించి ఇక్కడికి పంపేది ఆవిడే. ఒకప్పుడు తనూ ఈ బెల్టు ముందు నిలబడ్డదే. వసంతకాలం నుంచి మార్జరీకి కబుర్లు అందిస్తోంది.

"నా కోటు బొత్తాం ఊడింది. సూది ఉందా?" అంది లుద్విక్ ముందు ఆగి.

"దారం ఉంది, సూది లేదు," అన్నాడతను.

కోడ్ కుదిరింది. శుక్రవారం కోచ్ ఖాయమని చెప్పి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి ఒకసారి నవ్వింది. ఆ నవ్వు లుద్విక్‌కి నచ్చలేదు.

శుక్రవారం పది నలభైకి బెల్టు ఆగింది. ఆ షెడ్డులో ఒక్కసారిగా నిశ్శబ్దం. రడ్జ్ వచ్చాడు, వెంట ఇద్దరు మనుషులు, పక్కన ఇలోనా. నలభై ఒక్కమందినీ గోడకి నిలబెట్టాడు. కొత్తగా చేరిన లుద్విక్‌తో నలభై రెండు.

"మీలో ఒకడు గవర్నమెంటు కుక్క," అన్నాడు రడ్జ్ తాపీగా. "ఉన్నాడని ఈవిడ చెప్పింది. ఎవడో చెప్పమంటే తన పాస్‌పోర్టు ముందు చేతిలో పెట్టమంటోంది. తెలివైన పిల్ల. మీలో మీరే చెప్పేయండి, పని సులువవుతుంది."

లకుముకి రెండువైపులా అమ్ముకుంది. సగం సరుకు ఇచ్చి, మిగతా సగం దాచుకుంది. రడ్జ్ జేబులోంచి ఆవిడ పాస్‌పోర్టు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఇలోనా కళ్ళు వరస వెంట నడిచి లుద్విక్ దగ్గర ఆగాయి. పెదాలు విడ్డాయి.

"నేనే," అన్నాడు జెనోన్, ఒక అడుగు ముందుకేసి.

ఇలోనా అతన్ని చూసింది. లుద్విక్‌ని చూసింది. చేతిలో పాస్‌పోర్టు చూసుకుంది.

"అవును," అంది. "ఇతనే."

రడ్జ్ మనుషులు జెనోన్‌ని కొట్టారు. తర్వాత చేతులు వెనక్కి కట్టి అట్టపెట్టెల బెల్టు మీద పడేశారు. ఆ బెల్టు ఏటవాలుగా పైకెళ్ళి, అట్టల్ని నొక్కి దిమ్మలు చేసే మిషన్లో గుమ్మరిస్తుంది. రడ్జ్ స్విచ్ వేసి, గవర్నమెంటుకి ఏం తెలుసో చెప్పమని అడిగాడు. జెనోన్‌కి చెప్పడానికేమీ తెలీదు. రడ్జ్ బెల్టు ఆపి పక్కటెముకల మీద తన్నించాడు. మళ్ళీ నడిపించాడు.

"లుద్విక్, ఆగు," అంది చెవిలో మార్జరీ గొంతు. "సంచీ ఇంకా బయటికి రాలేదు."

లుద్విక్ ఆగాడు.

కోచ్ టైమవుతోందని రడ్జ్ మనుషుల్లో ఒకడు ఇనపమెట్లెక్కి వాడి క్యాబిన్‌లోకి వెళ్ళాడు. బెల్టు కదిలింది. ఆగింది. మళ్ళీ తన్నిన చప్పుడు. జెనోన్ అరవలేదు, మూలిగాడు. లుద్విక్ బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు, ఆ నాలుగు రోజులూ అందరూ నిలబడ్డట్టే. ఆజ్ఞ పాటిస్తున్నానని తనకి తాను చెప్పుకున్నాడు. రెండేళ్ళ కింద కూడా టైముకి పని ముగిస్తున్నానని చెప్పుకున్నాడు.

బెల్టు మళ్ళీ కదిలింది. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. నీలం సంచీ. రడ్జ్ చెయ్యి చాచి అందుకున్నాడు.

"గొడుగు!" అని అరిచాడు లుద్విక్. అరుస్తూనే పరిగెత్తి, బెల్టు పక్కనుండే ఎర్ర తాడు లాగాడు. ప్రమాదమొస్తే బెల్టు ఆపే తాడు అది. ఊడి చేతిలోకి వచ్చేసింది. పని ఆగకుండా ఉండాలని ఎవడో ఎప్పుడో కోసేసి ఉంచాడు.

బెల్టు పైకి పోతూనే ఉంది. లుద్విక్ దానిమీదకి ఎక్కి, పాకి, జెనోన్ కాలర్ పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గానీ ఇద్దరూ కలిసే పోతున్నారు. జెనోన్ కాళ్ళు అంచు దాటాయి. కింద ఇనప పలక లోపలికి జరుగుతోంది.

అప్పుడు తన నడుము ఎవరో పట్టుకున్నారు. వాళ్ళ వెనక ఇంకొకరు. గోడకి నిలబడ్డవాళ్ళంతా వచ్చేశారు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ, చిరిగిన తొడుగులతో. ఒక్క ఊపున లాగారు. జెనోన్ ఎడమ బూటు మిషన్లో పడింది. ఇనప పలక దాన్ని అట్టలతో కలిపి నొక్కేసింది. కాలు మాత్రం బయటే ఉంది.

గేటు విరిగిన చప్పుడైంది. పచ్చటి ఆకు బొమ్మ ఉన్న రెండు లారీలు లోపలికొచ్చాయి. వాటిలోంచి పోలీసులు దిగారు. రడ్జ్ సంచీని విసిరెయ్యబోయాడు. అప్పటికే మణికట్టుకి సంకెళ్ళు పడ్డాయి. లెక్కపెడితే నలభై పాస్‌పోర్టులు. సంచీ అందగానే రడ్జ్ ఏరి జేబులో వేసుకున్నది ఇంకొకటి, జెనోన్‌ది. ఇలోనా తెల్లకోటుతోనే పోలీసు కారెక్కింది, తనూ ఇలా తీసుకురాబడ్డదాన్నేనని చెబుతూ. అది నిజమే. నిజం కావడమే అందులో కష్టం.

"సంచీ కోసం ఆగావు చూడు," అంది మార్జరీ ఫోన్లో, "ఆ నిగ్రహం అందరికీ ఉండదు. పై ఆఫీసుకి రాస్తున్నాను."

రాయవద్దన్నాడు లుద్విక్. పాత రిపోర్టు గురించి చెప్పాడు, చీముపట్టిన చెయ్యి సంగతితో సహా.

మూడింటికి ఆస్పత్రికి వెళ్ళాడు. జెనోన్‌కి మూడు పక్కటెముకలు విరిగాయి. వార్డులో కిటికీ పక్క మంచం. దారిలో కొన్న రెండు కాఫీల్లో ఒకటి అతనికిచ్చి లుద్విక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. క్షమాపణ దారి పొడుగునా సిద్ధం చేసుకున్నాడు. నోరు తెరిస్తే ప్రశ్న వచ్చింది.

"ఎందుకు ముందుకొచ్చావు?"

జెనోన్ ఆలోచించాడు. "మా పాస్‌పోర్టుల సంగతి నేను చెప్పాను, మీరు నమ్మలేదు. మీరు చెబితే మీవాళ్ళు నమ్ముతారు కదా. మరి ఇద్దరిలో ఎవరు మిగలాలి?"

"నేను నమ్మాను," అన్నాడు లుద్విక్. "ఆ రోజే నమ్మాను. అయినా వెళ్ళిపోయాను."

జెనోన్ అతని వంక కాసేపు చూశాడు. కోపం కూడా లేదు ఆ చూపులో. "అదా," అన్నాడు, అంతే. కాఫీ తాగాడు.

లుద్విక్ లేచి, ఖాళీ కప్పు తలుపు పక్కనున్న నీలం డబ్బాలో వేశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ," అని వెనకనుంచి పిలిచాడు జెనోన్. "అది కాగితాల డబ్బా. ఆ కప్పుకి లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. తీసి నల్లదాంట్లో వెయ్యండి. లేకపోతే రేపు ఎవడో ఒకడు చేత్తో ఏరాలి."

లుద్విక్ చొక్కా చెయ్యి మడిచి, డబ్బాలో మోచేతిదాకా పెట్టాడు.